అద్దం వదిన, ఆమె తోడికోడలు

వాద్యాలు అద్దెకిచ్చే ఆ దుకాణం నుంచి ఏ వస్తువైనా వెళ్ళేటప్పుడు పెళ్ళికూతురిలా వెళ్తుంది, వచ్చేటప్పుడు సంత తిరిగొచ్చిన గోనెసంచిలా వస్తుంది. గిటార్ల వీపుల మీద వాయించినవాళ్ళ బెల్టు బకిళ్ళు గీసిన గీతలు. వయొలిన్లకు గడ్డం ఆనేచోట మెడగొలుసులు రాసుకున్న గీతలు. ఛాతీకి ఆనించి వాయించే అకార్డియన్లకు చొక్కా గుండీల గీతలు. ఇక పియానో మూత సంగతి చెప్పనక్కర్లేదు. తాళాలగుత్తి దగ్గర్నుంచి టీ కప్పు దాకా దాని మీద ఏదో ఒకటి పెట్టని మహానుభావుడు లేడు.

వాటన్నిటినీ మళ్ళీ పెళ్ళికూతుళ్ళను చేసేది ఆ ఇంటి పెద్దకోడలు. దుకాణం చూసుకునే మరిది ఆమెను వదినా అని పిలుస్తాడు కాబట్టి, వచ్చేపోయే వాయిద్యగాళ్ళందరికీ ఆమె వదినే అయింది. ఆమె చేతిలో పడిన గిటారు వీపులో మొహం చూసుకోవచ్చు కాబట్టి ఆ వదినకు ముందు అద్దం వచ్చి చేరింది. ఆమెకన్నా వయసులో పెద్దవాడు, తెల్లమీసాల డ్రమ్ముల ఆసామి కూడా గుమ్మంలోంచే "అద్దం వదిన ఉందా?" అని కేకేస్తాడు. ఆమె భర్త దుకాణం వ్యాను నడుపుతాడు. ఆయనకు ఇదొక తీరని ఫిర్యాదు.

"ఊరందరికీ నువ్వు వదినవైతే, నేను ఊరందరికీ అన్నయ్యనవ్వాలి కదా! మరి ఒక్కడూ నా మాట వినడేంటి?" అంటుంటాడు.

ఈ పని ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. తండ్రి బీరువాలకూ కుర్చీలకూ మెరుగు పెట్టే కార్ఖానాలో పనివాడు. బడి నుంచి వచ్చాక ఆమె అక్కడే ఒక మూల కూర్చుని వార్నిష్ వాసనలో పాఠాలు చదువుకునేది. ఒకసారి బల్ల మీద గీత పోయిందాకా రుద్దుతానని పట్టుబట్టి కూర్చుంటే తండ్రి వచ్చి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గీతని మనం తియ్యలేం తల్లీ. దాని చుట్టూ ఉన్న మెరుగుని దాని లోతుదాకా దించుతాం, అంతే. పైపైన ఉన్న గీతయితే సరే. లోతుదయితే అక్కడిదాకా దించేసరికి మెరుగు పోయి కొయ్య తేలుతుంది. అందుకని మొదట ఎంత లోతో చూడు, తర్వాతే గుడ్డ పట్టు" అన్నాడు.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక ఆమె చూసిందేమిటంటే, మామగారు గీతలు పడిన గిటార్లకు వంటనూనె పూస్తున్నాడు. పూసిన పూట నిగనిగ మెరిసేవి, మర్నాటికి దుమ్మంతా అంటుకుని జిడ్డోడేవి. కొత్తకోడలు నోరు విప్పకూడదని కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఓర్పు చచ్చాక ఒకనాడు ఎవరూ చూడకుండా ఒక గిటారు తీసుకుని, తండ్రి దగ్గర నేర్చింది నేర్చినట్టు చేసి, యథాస్థానంలో తగిలించింది. మామగారు దాని ముందు నిలబడి, అందులో తన మీసాలు చూసుకుని, కుడివైపు మీసం కొంచెం పొట్టిగా ఉందని గ్రహించి, చాలాసేపు సరిచేసుకున్నాడు. అప్పుడు ఇంట్లో అందరినీ పిలిచి, "ఇవాళ్టి నుంచీ నూనె వంటింట్లోనే ఉండాలి" అని తీర్పు చెప్పాడు. దుకాణం వెనక గది ఆమెదయింది.

ఆ గదిలో ఒక పెద్ద కిటికీ. కిటికీ పక్కన పాత దుప్పటి పరిచిన బల్ల. బల్ల కింద మూతలున్న డబ్బాల్లో మెత్తటి గుడ్డలు. గరుకు పాలిష్‌కి వాడేవి వేరు, సన్నపు పాలిష్‌కి వేరు, చివరగా తుడిచేవి వేరు. ఒకదాంట్లోది ఒకదాంట్లో కలవకూడదు, కింద పడ్డ గుడ్డ మళ్ళీ ఉతికితే తప్ప బల్ల ఎక్కకూడదు. గుడ్డలో ఒక్క ఇసుక రేణువు చాలు, కొంప ముంచడానికి. ఇంట్లో వాళ్ళంతా ఆ డబ్బాలకు ఆమడ దూరంలో ఉండేవాళ్ళు.

తర్వాత మరిదికి పెళ్ళయి చిన్నకోడలు వచ్చింది. వాగుడుకాయ. పొద్దున లేవగానే వంటింట్లో రేడియో పెడుతుంది, ఆ రేడియో కన్నా గట్టిగా తను మాట్లాడుతుంది. ఎదురింటివాళ్ళ కుక్క దగ్గర్నుంచి కూరగాయల ధరల దాకా ఆమె నోట్లో ఏదీ నానదు. పెద్దకోడలు మనసులో ఆమెకు "రేడియో" అని పేరు పెట్టింది. వచ్చిన కొత్తల్లో ఒకనాడు చిన్నకోడలు బల్ల దగ్గరికి వచ్చి, "అక్కా, నేనూ ఒకటి చెయ్యనా?" అని అడిగింది.

"ముందు ఆ ఉంగరం తీసేసి రా. ఉంగరంతో ఎవరన్నా పాలిష్ పడతారా?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు పరుగున వెళ్ళి ఉంగరం తీసి వచ్చేసరికి బల్ల సర్దేసి ఉంది. "ఇంకోసారి చూద్దాంలే" అంది పెద్దకోడలు. ఆ ఇంకోసారి రానేలేదు. అది ద్వేషం కాదు. ఉమ్మడి కాపురంలో వంటిల్లు ఇద్దరిదీ, బీరువా ఇద్దరిదీ, డాబా మీద బట్టలారేసే తీగ కూడా సగం సగం. ఆ బల్ల ఒక్కటే ఆమెది. ఎవరితోనూ పంచుకోవాలనిపించలేదు.

చిన్నకోడలు మళ్ళీ అడగలేదు. మధ్యాహ్నం టీ తెచ్చి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, గుమ్మానికి ఆనుకుని కబుర్లు చెప్పేది. పెద్దకోడలు చేతులాపకుండా ఊఁ కొట్టేది. ఇలాగే ఏళ్ళు గడిచాయి. ఇద్దరి పిల్లలూ పెద్దవాళ్ళై పనుల్లో పడ్డారు.

ఈ మధ్య పెద్దకోడలికి బల్బుల మీద చిరాకు పుట్టింది. దీపం చుట్టూ పొగలాగా ఏదో కమ్ముకుని కనిపించేది. "ఇప్పుడొచ్చే బల్బులన్నీ నాసిరకం" అని కొత్తది వేయించింది. అదీ అంతే. కిటికీ అద్దాలు మాసిపోయాయని భర్త చేత రెండువైపులా కడిగించింది. ఆయన నిచ్చెన దిగుతూ, "ఇంతకన్నా కడిగితే అద్దం అరిగిపోతుందే" అన్నాడు. కళ్ళ మీద మాత్రం ఆమెకు అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? పని సాగుతూనే ఉంది. చేతులకు దారి తెలుసు. తీసుకెళ్ళినవాళ్ళు ఎప్పటిలాగే మెచ్చుకుంటున్నారు. "వదినా, మొన్నటి వయొలిన్ చూసి మా గురువుగారు కొత్తది కొన్నావా అన్నారు" అని ఒకడంటే, "మా వదిన చెయ్యి అలాంటిది మరి" అని మరిది మీసం దువ్వుతున్నాడు.

అలాంటప్పుడు ఒక నల్లగిటారు వచ్చింది. ఏదో కాలేజీ ఉత్సవానికి వెళ్ళి, వీపంతా బకిలు గీతలతో తిరిగొచ్చింది. నలుపు మీద గీతంటే ఆడపిల్ల మొహం మీద మొటిమ లాంటిది, అసలు దాగదు. మర్నాడే ఇంకొకరికి వెళ్ళాలి.

ఆమె ఎప్పటిలాగే మొదలుపెట్టింది. పొడిగుడ్డతో తుడిస్తే దుమ్మే గీస్తుంది కాబట్టి, తడిపి గట్టిగా పిండిన గుడ్డతో నొక్కకుండా తుడిచింది. ఒక్కో గీత మీద గోటిని అడ్డంగా జారవిడిచింది. గోరు ఎక్కడా ఆగలేదు. అన్నీ పైపై గీతలే. బఠాణీగింజంత పాలిష్ ముద్ద గుడ్డకు అద్ది, ఒకే దిక్కున పొడుగ్గా, తేలిగ్గా రుద్దుకుంటూ పోయింది. మధ్యమధ్య అరచెయ్యి ఆనించి వేడెక్కిందేమో చూసింది. వేడెక్కితే మెరుగు మెత్తబడుతుంది. వీపంతా పాలిష్ పట్టించి, ఎగువ సగం తుడిచేసరికి ఆమె అక్క దగ్గర్నుంచి ఫోను వచ్చింది. అక్కకు పక్కవాటా వాళ్ళతో నీళ్ళ గొడవ. ఆ గొడవ మొదట్నుంచీ వినేసరికి భోజనాల వేళయింది, తిన్నాక కన్ను మూతపడింది. లేచి, గిటారు పెట్టెలో పెట్టి మూసేసింది.

సాయంత్రం కూరగాయలు తరుగుతూ ఉలిక్కిపడింది. దిగువ సగం తుడవనేలేదు!

మర్నాడు వ్యానులోకి సామాను ఎక్కించకముందే వెళ్ళి పెట్టె తెరిచింది. అరచేత్తో వీపంతా నిమిరింది. పాలిష్ తుడవకుండా వదిలేస్తే చెయ్యి పట్టినట్టు ఆగుతుంది. ఎక్కడా ఆగలేదు. పైనుంచి కిందిదాకా సర్రున జారింది. గుడ్డల డబ్బా తీసి చూస్తే, నిన్న పొద్దున వాడింది కాబట్టి ఆరిపోయి ఉండాల్సిన సన్నపు పాలిష్ గుడ్డ ఇంకా చెమ్మగానే ఉంది.

"ఏవండీ, నాకు మతిమరుపు వచ్చిందంటారా?" అని భర్తను అడిగింది.

ఆయన వ్యాను తలుపు వెయ్యబోతూ ఆగాడు. "మతిమరుపే వస్తే ముందు నా తప్పులు మర్చిపోవాలి కదా. అవన్నీ పెళ్ళినాటి నుంచీ వరసగా అప్పజెబుతున్నావు. ఏం రాలేదు, నిశ్చింతగా ఉండు."

కానీ ఆమెకు నిశ్చింత లేదు. తర్వాత చేసిన అకార్డియన్‌కు కావాలనే ఒక పక్క మూలన పాలిష్ తుడవకుండా వదిలేసింది. మర్నాటికి ఆ మూల శుభ్రంగా ఉంది. గుడ్డ మడత తడిమి చూసింది. ఆమె మడత అంచు కుడివైపుకు వస్తుంది. ఇది ఎడమవైపుకు ఉంది. ఆ ఇంట్లో ఎడంచేతి వాటం ఒక్కరిదే.

ఆమెకు ఒళ్ళు మండింది. బీరువా ఇచ్చాను, వంటిల్లు ఇచ్చాను, ఇప్పుడు నా బల్లకే ఎసరు పెడుతోందన్నమాట అనుకుంది. ఆ మధ్యాహ్నం నిద్రపోయినట్టు పడుకుని, ఇల్లు సద్దుమణిగాక లేచి, చప్పుడు కాకుండా వెనక గదికి వెళ్ళింది.

రేడియో ఆపేసి ఉంది. చిన్నకోడలు కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఉంగరం తీసి గ్లాసులో వేసింది, గాజులు మోచేతి పైకి తోసుకుంది. పొద్దున పెద్దకోడలు పూర్తిచేసి పెట్టిన గిటారు ఒళ్ళో పెట్టుకుని, వెలుతురుకు ఏటవాలుగా తిప్పి చూస్తోంది. అంత నిశ్శబ్దంగా ఆమె ఉండగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

చిన్నకోడలు దిగ్గున లేచింది. "అక్కా..."

"ఎప్పట్నించీ సాగుతోంది ఇది? నేను నిద్రపోగానే నా బల్ల మీద, నా గుడ్డలతో! కావాలంటే అడగొచ్చుగా! దొంగచాటుగా ఏంటి? నా పని నచ్చకపోతే నా మొహానే చెప్పు!"

చిన్నకోడలు గిటారు గుండెకు హత్తుకుని నిలబడింది. తర్వాత మెల్లగా అంది.

"కోప్పడుదురుగాని అక్కా, తర్వాత. ముందు ఇలా రండి. ఇది పొద్దున మీరు చేసింది. నేనింకా ముట్టుకోలేదు. ఇదిగో, ఇక్కడ చూడండి. ఏమన్నా కనిపిస్తోందా?"

పెద్దకోడలు వంగి చూసింది. "ఏముంది? అద్దంలా ఉంది."

"ఇంకోసారి చూడండి."

"చూశాను. ఏమీ లేదు."

"అక్కా, ఆ గోడ మీద వయొలిన్‌కి తీగలెన్ని ఉన్నాయి?"

"ఇదేం ప్రశ్నే? నాలుగు."

"అది తెలిసి చెప్పారు. చూసి చెప్పండి."

పెద్దకోడలు గోడవైపు చూసింది. కళ్ళు చికిలించి చూసింది. వయొలిన్ ఉందని తెలుస్తోంది. దాని మీద తీగలు ఉన్నాయన్నది మాత్రం ఆమె ఊహే. "నాలుగే" అంది గాని గొంతులో పట్టు లేదు.

"మూడే అక్కా. ఒకటి నిన్న తెగితే తీసేశాం."

చిన్నకోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "దీనిమీద గీతలు అలాగే ఉన్నాయక్కా. పైగా కొత్తవి, సాలెగూడులాగా, గుండ్రంగా. ఏదన్నా గుడ్డకి దుమ్ము పట్టినా మీకు కనిపించట్లేదు."

పెద్దకోడలు ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది. అప్పుడు చిన్నకోడలు అంతా చెప్పింది. ఏడాది కిందట, మరిది లేనప్పుడు, ఒక వయొలిన్ ఆయన వచ్చి, ఇది వదిన చేసిన పనిలా లేదే అని వాద్యం తిరిగిచ్చాడట. పొరపాటున వేరేది ఇచ్చాం, రేపు రండి అని చిన్నకోడలు ఆయనను పంపించి, ఆ మధ్యాహ్నం తనే కూర్చుని చేసిందట. ఆ రోజు నుంచి, బయటికి వెళ్ళే ప్రతిదాన్నీ పెద్దకోడలు నిద్రపోయే వేళ ఒకసారి కిటికీ దగ్గర చూసి పంపుతోంది. ఈ సంగతి తన భర్తకు కూడా చెప్పలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్దామని రెండుసార్లు అన్నాను. ముందు నీ నోటికి డాక్టర్ని చూపించుకో అన్నారు మీరు."

అన్నమాట నిజమే. పెద్దకోడలికి గుర్తుంది.

"గట్టిగా చెప్పాల్సింది, నాదే తప్పు. కానీ ఎలా చెప్పను? ఈ బల్ల మీదకి నా చెయ్యి వస్తేనే మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. అలాంటిది మీ చేతే ఇక పనికిరాదన్నట్టు చెప్పడానికి నాకు నోరు రాలేదు."

నోరు రాలేదన్న ఆ మాట ఆ నోటి నుంచే వినేసరికి పెద్దకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపటికి అడిగింది. "పోనీ, నీకిది ఎవరు నేర్పారు?"

"మీరే."

"నేనెప్పుడు నేర్పానే? ఒక్కనాడూ నీ చేతికి గుడ్డ ఇవ్వలేదే!"

"మీరు పని చేస్తూ గిటార్లతో మాట్లాడతారక్కా. మీకు తెలీదా? 'అంచు దగ్గర మెల్లగా తల్లీ, అక్కడ నీ పొర పల్చన' అంటారు. 'గోరు ఆగింది కదా, నీ జోలికి రాన్లే' అంటారు. పాత వయొలిన్ వస్తే 'నీకు ఈ ముద్ద పడదమ్మా, ఉత్త మెత్తటిగుడ్డ చాలు' అంటారు. నేను టీ తెచ్చి నిలబడింది కబుర్ల కోసమనుకున్నారా? అన్నీ విన్నాను. ఇంట్లో పాత టీపాయ్ మీద సాధన చేశాను."

టీపాయ్ ఎందుకు అంత మెరుస్తోందో పెద్దకోడలికి అప్పుడు అర్థమైంది.

మర్నాడే ఇద్దరూ కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. డాక్టరమ్మ దీపం వేసి చూసి, "రెండు కళ్ళలోనూ శుక్లం బాగా ముదిరింది. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారు?" అంది.

"నేను నెట్టుకురాలేదండీ. ఇది నెట్టుకొచ్చింది" అని పక్కన కూర్చున్న తోడికోడలిని చూపించింది పెద్దకోడలు. డాక్టరమ్మకు ఏమీ అర్థం కాక చీటీ రాయడం మొదలుపెట్టింది.

ముందు ఒక కన్ను, కొన్ని వారాలాగి రెండోది. ఆపరేషన్ గది బయట కంటికి కట్టుతో కూర్చున్నప్పుడు పెద్దకోడలు కొంగు వేలికి చుట్టుతూ విప్పుతూ ఉంది. పక్కన చిన్నకోడలు ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. ఎదురింటి కుక్కకు పిల్లలు పుట్టాయి, పక్కవీధి దర్జీ దుకాణం మార్చాడు, ఈ ఆస్పత్రి నర్సుకూ కాంపౌండరుకూ ఏదో ఉన్నట్టుంది. ఇన్నేళ్ళూ ఆ వాగుడు ఎప్పుడాగుతుందా అని చూసిన మనిషి, ఆ రోజు అది ఆగకూడదని కోరుకుంది. చీకట్లో పట్టుకోవడానికి ఒక చెయ్యి ఉన్నట్టుంది ఆ గొంతు.

కట్టు విప్పిన పొద్దున మొదట కనిపించింది గోడ. అది పసుపుపచ్చగా ఉంటుందనుకుంది, తెల్లగా ఉంది. తర్వాత తోడికోడలి మొహం. చాలాసేపు చూసింది.

"నీకు తెల్లవెంట్రుకలు వచ్చాయే!"

"కళ్ళు బాగుచేయించినందుకు నాకిదా బహుమానం!" అని చిన్నకోడలు నవ్వింది.

ఇంటికి వచ్చాక ఎవరికీ మనశ్శాంతి లేకుండా పోయింది. వంటింటి మూలల్లో బూజు, మరిది చొక్కా మెడ దగ్గర మురికి, భర్త గీసుకున్న గడ్డంలో మిగిలిపోయిన నాలుగు వెంట్రుకలు, అన్నీ ఆమె కంటబడ్డాయి. "డాక్టరమ్మ మరీ అంత బాగా చెయ్యకుండా ఉండాల్సింది" అన్నాడు భర్త. ఆమె అద్దంలో తన మొహం చూసుకుని, ఈ ముడతలు ఎప్పుడొచ్చాయి, నాకు చెప్పనేలేదే అని కూడా ఆశ్చర్యపడింది.

దుమ్ము తగలకూడదని డాక్టరమ్మ చెప్పినన్నాళ్ళూ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చుంది. బల్ల దగ్గర చిన్నకోడలు, ఈసారి బాహాటంగానే. కళ్ళు కుదుటపడ్డాక పెద్దకోడలు చేసిన మొదటి పని, దుకాణం ముందు అద్దాల బీరువాలో వేలాడే ఇంకో నల్లగిటారును దింపమనడం. వచ్చినవాళ్ళకు చూపించడానికని మరిది అక్కడ తగిలించినది. కిందటేడు దాన్ని ఆమె ఒక్కతే చేసింది. అందరికీ ఎదురుగా వేలాడుతుంది కాబట్టి చిన్నకోడలికి దాన్ని దింపే వీలు చిక్కలేదు.

కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూసింది. వీపు నిండా గుండ్రటి సన్నగీతలు, సాలీడు తీరిగ్గా అల్లినట్టు. అంచు దగ్గర ఒకచోట ఎండిన పాలిష్ తెల్లగా గడ్డకట్టి ఉంది. దీన్ని చూసి తను ఎంత మురిసిపోయింది! దూరపు కొండలు నునుపు అన్నట్టు, బీరువాలో ఉండబట్టి ఎవరూ పట్టించుకోలేదు గాని, చేతికి తీసుకుంటే ఏ వాయిద్యగాడైనా మొహం చిట్లించేవాడే.

పక్కనే చిన్నకోడలు చేసిన వయొలిన్ ఉంది. దాన్నీ వెలుతురులో తిప్పింది. నిశ్చలంగా ఉన్న నీళ్ళలా ఉంది. ఏడాదంతా ఇలాంటివే వెళ్ళాయన్నమాట బయటికి, తన పేరు మీద. తను హాయిగా నిద్రపోతుంటే, ఒకళ్ళు తన పేరుకు పడిన గీతలు చెరుపుతూ కూర్చున్నారు. మెచ్చుకోలు తనకు వదిలేసి, వంటింట్లో పాలు పొంగించావని తన చేత తిట్లు మాత్రం తిన్నారు. ఆమె కొత్తకళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ కళ్ళు తడవనివ్వద్దందని గుర్తొచ్చి, పైకి చూస్తూ ఆపుకుంది.

"ఏమన్నా తప్పుందా అక్కా?" అంది చిన్నకోడలు బెరుగ్గా.

"ఒకటుంది. ఇదిగో, ఈ అంచు. ఇక్కడ ఎక్కువ రుద్దావు, పొర పల్చబడింది. ఇంకాస్త రుద్దితే కొయ్య తేలేది. ఇలాంటిచోట వేలు పెట్టి నొక్కకూడదు, గుడ్డని అంచు దాటి గాల్లోకి వదిలెయ్యాలి. రా, చూపిస్తా." అలా అంటూ తన గుడ్డ తోడికోడలి చేతికిచ్చింది. వెనక నిలబడి, ఆ ఎడమచేతి మీద తన చెయ్యి వేసి, అంచు మీదుగా జారించి వదిలింది. ఇద్దరి చేతులూ కలిసి మళ్ళీ మళ్ళీ అలాగే చేశాయి.

ఆ పూట భోజనాల దగ్గర, అందరూ కూర్చున్నాక, పెద్దకోడలు గొంతు సవరించుకుంది.

"ఏడాదిగా మీరు నన్ను మెచ్చుకున్నారే, ఆ మెప్పు నాది కాదు. నాకు కళ్ళు కనిపించలేదు. అదంతా చేసింది ఇది" అని జరిగింది జరిగినట్టు చెప్పింది.

మరిది చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. భార్యవైపు చూశాడు, వదినవైపు చూశాడు. మొహం ఎర్రబడింది. ఎందుకో అందరికీ తెలుసు. మొన్నమొన్నటి దాకా రోజుకొకసారి, "ఊరికే వాగకపోతే మా వదినని చూసి ఏదన్నా నేర్చుకోరాదూ!" అని భార్యను దెప్పుతూ వచ్చింది ఆయనే.

"నేర్చుకుంది కదరా, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు పెద్దకోడలి భర్త తమ్ముడితో. భోజనాల బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. చిన్నకోడలు మాత్రం నవ్వలేదు. తల వంచుకుని, మంచినీళ్ళ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. మరిది తన పళ్ళెం పక్కకు జరిపి, ఆమెకు మరికాస్త కూర వడ్డించాడు. అంతకుముందు ఆయన వడ్డించగా ఎవరూ చూడలేదు.

అప్పటి నుంచి ఇద్దరూ కలిసే చేస్తున్నారు. ఒకరిది కుడిచెయ్యి, ఒకరిది ఎడమచెయ్యి కాబట్టి పక్కపక్కన కూర్చున్నా మోచేతులు తగలవు. పెద్దకోడలు గీతల లోతు చూసి ఏది రుద్దాలో, ఏది వదలాలో చెబుతుంది. చిన్నకోడలు చివరి మెరుగు పెడుతుంది. ఆ చివరి పని ఆమె చేతిలోనే ఎక్కువ బాగుంటుందని పెద్దకోడలే వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. తెల్లమీసాల డ్రమ్ముల ఆసామి ఇప్పుడు గుమ్మంలోంచి "అద్దం వదినలున్నారా?" అని కేకేస్తాడు.

ఈ మధ్య ఒక సంగీత పాఠశాల నుంచి పిలుపు వచ్చింది. వాళ్ళ పెద్ద నల్లపియానో మూత మీద పిల్లలు పుస్తకాలు ఈడ్చీ ఈడ్చీ సన్నగీతలు పడ్డాయి. తరలించడానికి వీల్లేదు, అక్కడికే వచ్చి చెయ్యాలి. తోడికోడళ్ళిద్దరూ గుడ్డల డబ్బాలు సంచిలో సర్దుకుని వెళ్ళారు. పొద్దుటి నుంచి చెరోవైపు నిలబడి, మూత మధ్యలో కలుసుకునేదాకా పని చేశారు. పని అయ్యాక పాఠాలు చెప్పే ఆవిడ వచ్చి, మూతలో గది కిటికీలూ, పైకప్పు ఫ్యానూ, తన మొహమూ చూసుకుని, పియానో ముందు కూర్చుని వాళ్ళిద్దరి కోసం చాలాసేపు వాయించింది. ఇన్నేళ్ళ పనిలో వాళ్ళు మెరుగుపెట్టిన వాద్యాన్ని వాళ్ళ కోసమే ఎవరైనా వాయించడం అదే మొదలు. చిన్నకోడలు మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్టాపులో బెంచీ మీద కూర్చున్నారు. ఇద్దరి వేళ్ళకూ పాలిష్ వాసన. పెద్దకోడలు ఏదో చెప్పాలని మొదలుపెట్టి ఆగిపోయింది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. పరాయివాళ్ళయితే థాంక్స్ అని చెప్పేసి ఊరుకుందును. ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలో నాకు చేతకాదు."

"చెప్పకు. అలవాటు లేనిది చెబితే గొంతుకి అడ్డం పడుతుంది" అంది చిన్నకోడలు. ఇన్నేళ్ళలో మొదటిసారి 'మీరు' అనడం మర్చిపోయింది. అలా మర్చిపోయినట్టు ఆమెకూ తెలియలేదు, పెద్దకోడలు సరిదిద్దనూ లేదు.

వీధి చివర, చెట్లు దాటాక, ఒక బస్సు మలుపు తిరిగింది. సాయంత్రపు ఎండ దాని ముందు అద్దం మీద పడి మెరుస్తోంది. అంత దూరంలోనే పెద్దకోడలు దాని నెంబరు పైకి చదివింది, ఒక్కో అంకే తీరిగ్గా, రుచి చూస్తున్నట్టు. తర్వాత డబ్బాల సంచి తన భుజానికి తగిలించుకుని, "లే, మనదే" అని తోడికోడలికి చెయ్యి అందించింది.